కాఫీ చల్లారే గంట

"రానంటే రాను. నన్ను ఈడ్సుకోని పోతారా ఏంది?"

తిరుమలమ్మ ఎడమచేత్తో మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆ వేళ్ళకు అంటిన రాగిసంగటి ఎండి పొక్కులు కడుతోంది.

వీధిలో మునిశేఖర్ ఆటో హారను కొట్టాడు. పాకాల స్టేషను వెనకాల ఆ సందులోకి ఆటో రావడమే కష్టం. వచ్చిన ఆటో కదలకుండా నిలబడితే సందంతా తలుపులు తెరుచుకుంటాయి. అప్పుడే రెండు తలుపులు తెరుచుకున్నాయి కూడా.

"మా, మొండికేసుకోవద్దు," అన్నాడు కొడుకు పాల్. పట్టాల మీద పని చేస్తున్నవాడు చేస్తున్నట్టే పరిగెత్తి వచ్చాడు. రైల్వేవాళ్ళ నారింజరంగు జాకెట్టు ఇంకా ఒంటిమీదే ఉంది. "నోరు పక్కకు పోయిందంట. తెడ్డు జారిపోయిందంట. తిరపతికి పోయి సూపించుకోని వచ్చేద్దాం."

"పోయింది, వచ్చింది. ఇప్పుడు నేను సక్కంగా మాట్లాడతా ఉండానా లేదా?"

మాట్లాడుతోంది, నిజమే. సంగటి కెలుకుతూ కెలుకుతూ తెడ్డు వదిలేసి, 'రెబెకా' అని పిలవబోతే నోట్లోంచి పేరు కాకుండా ముద్ద ముద్దగా ఏదో శబ్దం వచ్చింది. కోడలు గ్యాసు ఆపి, నడుం పట్టి నడిపించి, మంచం మీద కూర్చోబెట్టేలోగా మూతి సర్దుకుంది, మాట తిరిగొచ్చింది. మాటతోపాటు మొండితనమూ తిరిగొచ్చింది.

రెబెకా మంచం కాళ్ళ దగ్గర నిలబడి అత్త కుడిచేతినే చూస్తోంది. అది ఇందాకటి నుంచి ఒక్కసారి కూడా ఒళ్ళోంచి లేవలేదు.

"పొద్దున బీపీ బిళ్ళ ఏసుకున్నావా?" అన్నాడు పాల్.

తిరుమలమ్మ గోడవైపు చూసింది.

"నిన్నే అడగతా ఉండేది."

"ఏసుకోలా."

"నిన్న?"

"నిన్నా లేదు, మొన్నా లేదు." ఆమె తల పైకెత్తింది. ఆ ముఖంలో తప్పు చేసిన జాడ లేదు, పైగా ఒక రకమైన గర్వం ఉంది. "రెబెకమ్మ జబ్బు పోయిందని చర్చిలో సాక్ష్యం సెప్పిన ఆదివారం, ఇంటికొచ్చి, ఉండే బిళ్ళలన్నీ మోరీలో పోసేసినా. కోడలిని బాగుసేసిన దేవుడు నన్ను బాగుసెయ్యడా? ఆ బిడ్డకుండే విశ్వాసం నాకు లేకపోయెనా?"

రెబెకా మంచం కోడు పట్టుకుంది.

"ఆ బిడ్డను సూడు," అంది తిరుమలమ్మ ఎడమచేత్తో చూపిస్తూ. "తెల్లారి నేను కాఫీ కలిపి తెచ్చిస్తే ముడుతాదా? గంటసేపు కండ్లు మూసుకోని ప్రార్థన సేసుకోని, అది సల్లారిపోయినాక తాగతాది. మన సంఘంలో ఎవురికన్నా ఉండాదా అట్లాంటి నియమం?"

ఆ నియమం కథ తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. రెబెకా నియమం పుట్టింది ప్రార్థనలోంచి కాదు, కుట్టుమిషను సొరుగులోంచి. ఆ సొరుగులో, దారపు ఉండల కింద, థైరాయిడు బిళ్ళల సీసా ఉంది. పరగడుపున ఒక బిళ్ళ వేసుకుని గంట వరకు కాఫీ, పాలు ముట్టకూడదని తిరుపతి డాక్టరమ్మ చెప్పింది. అత్త తెల్లవారకముందే ప్రేమగా గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడితే వద్దనడమెలా? అందుకని కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మూసిన కళ్ళు చూసి తిరుమలమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం ఆదివారం ఆరాధనలో మైకు దాకా పోయింది.

పెళ్ళయినప్పటి నుంచి ఈ అత్తే ఆమెను సోంబేరి అనేది. మిట్టమధ్యాహ్నం మిషను మీద తల వాల్చి నిద్రపోతుందని, మే నెలలో దుప్పటి కప్పుకుంటుందని, ఉబ్బిన కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తుందని. చివరికి పోయిన ఏడాది పరీక్ష చేయిస్తే థైరాయిడు కొద్దిగా తక్కువగా ఉందన్నారు. ముదిరిన జబ్బు కాదు, ఇంకా అంచు మీదే ఉంది. మనిషి చూస్తే సన్నం, రక్తంలో మాత్రం కొవ్వు పేరుకుని ఉంది, అందుకని బిళ్ళలు రాసిచ్చారు.

"అంచుమీదుండే దానికి బిళ్ళ ఏందిమే, ప్రార్థన సేస్తే పోతాది," అంది అప్పుడు తిరుమలమ్మ. ఉపవాస ప్రార్థన పెట్టించింది. పాస్టరు అయ్యగారు వచ్చి తలమీద నూనె రాసి ప్రార్థించి వెళ్ళారు. ఆయన బిళ్ళ మానమని ఏనాడూ అనలేదు. మానాలన్న తీర్మానం తిరుమలమ్మది. తల ఊపింది రెబెకా.

ఒక వారం మానింది కూడా. ఆ వారమంతా కన్నతల్లే కళ్ళముందు తిరిగింది. దామలచెరువు మామిడితోటల్లో కూలికి పోయిన తల్లి, ఎప్పుడూ అలసటే అనేది, ఎప్పుడూ కాళ్ళు వాపే. ఎవరూ ఏ పరీక్షా చేయించలేదు. ఒకనాడు కాయలగంప ఎత్తబోయి అట్లాగే ఒరిగిపోయింది, మళ్ళీ లేవలేదు. మళ్ళీ తిరుపతి పోయి ఈ మాట చెబితే డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది.

"మీ తోటల్లో డ్రిప్పు పైపు చూసుంటావు గదమ్మా. బయటికి బాగానే ఉంటుంది, లోపల ఉప్పు పట్టి గట్టిపడిపోతుంది. థైరాయిడు కొంచెం తగ్గినా రక్తనాళాలకు అట్లా జరగొచ్చు. మెత్తదనం పోతుంది, కొవ్వు కరగకుండా గోడలకు పడుతుంది. అంచుమీదున్న వాళ్ళందరికీ నేను బిళ్ళ రాయను. పరీక్షలో నీ టీఎస్‌హెచ్ అంకె ఎక్కువుంది, కొవ్వుంది, మీయమ్మ కథ ఉంది. నువ్వు మాత్రం మానద్దు."

రెండో సీసా కొని సొరుగులో దాచింది రెబెకా. కొన్నాళ్ళకు మళ్ళీ పరీక్ష చేయిస్తే అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆ కాగితం చూసి తిరుమలమ్మ కోడలిని కావలించుకుని, "నా బిడ్డా," అని ఏడ్చింది. సోంబేరి అన్న నోటితో బిడ్డా అంది. ఆ మాట కోసం తొమ్మిదేళ్ళు కాచుకున్న మనిషి, ఆ క్షణంలో నిజం చెప్పి దాన్ని పోగొట్టుకోగలదా? నోరు మూసుకుంది. అప్పటినుంచి కక్కలేక మింగలేక బతుకుతోంది.

ఇప్పుడు అత్త మోరీలో పోసిన బిళ్ళలన్నీ తన లెక్కలోకే వచ్చాయి.

"ఒక్క మాట, ఇట్ల రా," అని పాల్ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

"ఏంది, ఆమె అట్లుంటే నీ మాటేంది?"

"నేను బిళ్ళ మానలా."

"ఏం బిళ్ళ?"

"థైరాయిడు బిళ్ళ. రోజూ ఏసుకుంటా ఉండా. అందుకే రిపోర్టు బాగొచ్చింది."

పాల్ జాకెట్టు గుండీ విప్పబోయి ఆగిపోయాడు. కొళాయి కింద బకెట్టు నిండి పొర్లుతున్నా ఇద్దరిలో ఎవరూ కట్టలేదు.

"నా పక్కన పడుకుంటావు," అన్నాడు చివరికి. "నా తావ కూడా సెప్పలేదే."

"నీ తావ సెప్తే నువ్వు గూడా మోయాల్సి వస్తాదని."

"నన్ను బాగా సూసుకున్నావులే." గొంతు తగ్గించాడు. "రేపు నన్ను సంఘపెద్దగా నిలబెడతా ఉండారు. మాయమ్మ సాక్ష్యం ఇన్నాకనే అయ్యగారు నా పేరెత్తింది. ఇప్పుడు ఇది బయటికొస్తే నా మొహం యాడ పెట్టుకునేది?"

"అత్త సంగతేంది?"

"సెప్పినావంటే సిగ్గుతో గుండె పగిలి సస్తాది."

"సెప్పకపోతే నరం పగిలి సస్తాది."

రెబెకా కొళాయి కట్టింది.

"నువ్వు గమ్మునుండు," అన్నాడతను. "ఏదో ఒకటి సెప్పి నేను ఆటో ఎక్కిస్తా."

లోపలికి పోయి ప్రయత్నించాడు కూడా. అయ్యగారు తిరుపతిలో ఉన్నారట, అక్కడికే రమ్మన్నారట. తిరుమలమ్మ కొడుకును ఎగాదిగా చూసింది.

"అయ్యగారు పొద్దున ఈ సందులోనే పోతా వందనాలు సెప్పినాడు గదరా. అబద్ధం సెప్పేది గూడా రాదే నీకు."

బయట మునిశేఖర్ గొంతు వినిపించింది. "అన్నా, వస్తారా లేదా? అవతల బాడుగుండాది."

"ఉండప్పా, వస్తాం!" అని అరిచాడు పాల్.

ఎవరు వస్తారు? ఒకరు మంచం దిగరు, ఒకరు నోరు తెరవకూడదు. ఈ ఇంటి నాలుగు గోడలూ దగ్గరికి జరిగినట్టనిపించింది రెబెకాకు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యిలో మొగుడి పరువు పోతుంది, గొయ్యిలో అత్త ప్రాణం పోతుంది. పోయిన పరువు ఎప్పటికైనా రావచ్చునేమో గాని, ప్రాణం రాదు.

ఆమె మిషను దగ్గరికి పోయింది. సొరుగు లాగింది.

"రెబెకా," అన్నాడు పాల్.

ఆమె వినలేదు. సీసా తెచ్చి, మంచం ముందు నేల మీద కూర్చుని, అత్త ఎడమచేతిలో పెట్టింది.

"ఏందిమే ఇది?"

"నా బిళ్ళలత్తా. నేను మానలా. ఒక వారం మాన్నా, మళ్ళా కొనుక్కున్నా. దేవుడు బాగుసేసినాడో లేదో నాకు తెల్దు. బిళ్ళలు మాత్రం రోజూ ఏసుకున్నా."

తిరుమలమ్మ సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. బిళ్ళలు గలగలమన్నాయి. తిడుతుందని ఎదురుచూసింది రెబెకా. తిట్టినా బాగుండేది.

"మరి కాఫీ?" అంది చివరికి.

"బిళ్ళ ఏసుకున్నాక గంట ఆగల్ల. అందుకని."

"ఆ గంటసేపు కండ్లు మూసుకోని ఏం సేస్తా ఉంటివి?"

రెబెకా తల దించుకుంది. "ప్రార్థనేనత్తా. నిజంగానే. నీకు దొరకకూడదని."

వేరే రోజైతే ఆ మాటకు తిరుమలమ్మే ముందు పకపకా నవ్వేది. ఇప్పుడు కింది పెదవి మాత్రం అదిరింది.

"నేను మైకు పట్టుకోని సెప్పినా. అంతమంది ముందర. దేవుని ముందర."

"నువ్వు తెలీక సెప్పినావత్తా."

"నీకు తెలుసు గదా. ఎదురుగా సాప మీదనే కూసోనుంటివి. నేను ఏడస్తా సెప్తా ఉంటే నువ్వూ ఏడస్తివి."

ఆరోజు రెబెకా ఏడ్చింది నిజం. ఎందుకు ఏడ్చిందో అప్పుడూ తెలుసు.

"సిగ్గుపడేదానికి తర్వాత టైముండాది," అని పాల్ ముందుకొచ్చాడు. "ఇప్పుడు తెలిసింది గదా. లే, పోదాం."

"పోను."

"ఇంకా ఏందిమా?"

"ఇంకాసేపటికి మనింట్లో కుటీర ప్రార్థనకు ఆడోళ్ళు వస్తారు. వాళ్ళ ముందర ఇది సెప్పల్ల," అని కోడలి వైపు సీసా చాపింది. "నా నోటితో పోయిన అబద్ధం నీ నోటితో వాపసు రావల్ల. అప్పుడు ఆటో ఎక్కుతా. అంతవరకూ ఈడ్నే సచ్చినా సరే."

"రెబెకా," అన్నాడు పాల్. ఈసారి గొంతులో బతిమాలడం లేదు. "మాయమ్మకు నేను నచ్చజెప్పుకుంటా. వాళ్ళ ముందర మాత్రం నోరు తెరిస్తివా, ఇంక నీకూ నాకూ మాటల్లేవు."

"నీకు పెద్దరికం కావల్ల, ఆమెకు పరలోకం కావల్ల. నాకేం కావల్నో ఎవురైనా అడిగినారా?"

"ఏం కావల్ల నీకు?"

"అత్త బతకల్ల!" అని అరిచేసింది రెబెకా. అరిచాక తన గొంతుకు తానే బెదిరింది. తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు.

తిరుమలమ్మ కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి. ఎడమచేత్తో తుడుచుకుంది. కుడిచెయ్యి అట్లాగే ఉంది.

సందు మొదట్లో పాట వినిపించింది. ఆడవాళ్ళు పాడుకుంటూనే వస్తారు. ఆటో దగ్గర పాట ఆగింది. మునిశేఖర్ ఏదో చెప్పాడు. గబగబా అడుగులు, గడప బయట చెప్పులు విడిచిన చప్పుడు.

"వందనాలు తిరుమలక్కా! ఏమయింది? వాకిట్లో ఆటో ఏంది?" అంటూ ముందుగా మునిలక్ష్మి లోపలికి వచ్చింది. స్టేషను ముందర పూలు అమ్ముతుంది. సంఘంలో అందరికన్నా పెద్ద గొంతు, అందరికన్నా పెద్ద మనసు ఆమెవే. వెనక మరో నలుగురు వచ్చి సర్దుకుని నిలబడ్డారు.

"ఏం లేదక్కా, కండ్లు తిరిగినాయి," అన్నాడు పాల్ తొందరగా. "ఈ పొద్దు ప్రార్థన ఒద్దు, ఆసుపత్రికి పోతా ఉండాం."

"కోడలు ఏదో సెప్తాది," అంది మంచం మీదనుంచి తిరుమలమ్మ. "ఇనిపోండి."

రెబెకా లేచి నిలబడింది. సీసా గుప్పిట్లో ఉంది. పాల్ తలుపుకు ఆనుకుని ఆమెనే చూస్తున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలి? మెత్తగా చెప్పవచ్చు. దేవుడు ప్రార్థనా విన్నాడు, బిళ్ళా వాడించాడు అని రెండూ కలిపి, ఎవరి పరువూ పోకుండా. ఆ మాటలు నాలుక చివరికి వచ్చాయి కూడా.

"సాక్ష్యమా తల్లీ?" అని మునిలక్ష్మి రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. "అయితే నాదీ ఒక మాట. నీ గురించిన సాక్ష్యం ఇన్నాకనే మాకూ ధైర్యం వచ్చింది. మా ఇంటాయన చిన్నబ్బకు గుండెలో స్టెంటు ఏసినారు గదా, ఆ బిళ్ళలు నేనే మాన్పించినా. ఒకటీ మింగడంలేదు. ఎంత హుషారుగా ఉండాడనుకున్నావు! పూతలపట్టు కాడ మామిడికాయల మండీకి మూటలెత్తను పోయినాడు పొద్దున్నే."

మెత్తటి మాటలన్నీ రెబెకా నోట్లోనే ఎండిపోయాయి.

ఆమె పాల్ వైపు చూసింది. పాల్ కూడా ఆమెవైపే చూస్తున్నాడు. అతని ముఖంలో కోపం పోయి భయం వచ్చింది.

"అక్కా," అంది రెబెకా. గుప్పిలి విప్పింది. "ఒక వారం తప్ప నేను ఏ పొద్దూ బిళ్ళలు మానలా. ఇవిగో. దొంగతనంగా ఏసుకున్నా. దీంతోనే బాగయింది నాకు. అత్తకు తెలీక సెప్పింది, నేను తెలిసీ గమ్మునున్నా. నన్ను సూసి అత్త మానేసింది, సూడు, ఆ సెయ్యి లేవడంలేదు. చిన్నబ్బన్నకు ఫోన్ సెయ్యక్కా. మూట దించమని సెప్పు. ఇప్పుడే సెయ్యి."

మునిలక్ష్మి చేతులు మెల్లగా ఆమె చేతిని వదిలేశాయి. రొండిన దోపుకున్న ఫోను తీసి, నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏ మండీ అక్కా?" అన్నాడు పాల్. గోడకున్న మేకు మీదనుంచి బండి తాళం అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. "పేరు సెప్పు తొందరగా."

"సెర్వు కట్ట పక్కన... నాయుడు మండీ... ఎత్తడంలేదే, పాల్. మోగతా ఉండాది, ఎత్తడంలేదు."

పాల్ గడప దాటబోయి, ఒక్క క్షణం రెబెకా ముందు ఆగాడు. వెళ్ళిపోయాడు. సందులో బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

వెనక మంచం కిర్రుమంది. రెబెకా తిరిగి చూసింది. తిరుమలమ్మ మంచం దిగడానికి కాళ్ళు కిందికి పెట్టింది. ముఖం ప్రశాంతంగా ఉంది, ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషిలా.

"సెప్పినావు గదా. పద, పోదాం. నా సెప్పులు ఇట్లెయ్యి."

రెబెకా వంగి చెప్పుల జత అత్త పాదాల ముందు పెట్టింది. ఎడమకాలు చెప్పులోకి దూరింది. కుడికాలు పక్కన వట్టి నేలమీద వెతుక్కుంటోంది. మునిలక్ష్మి చెవి దగ్గర, అవతలి ఫోను ఇంకా మోగుతూనే ఉంది.